కిరాయికిచ్చిన మడిగెను ఖాళీ చేయించుకోవడం ఎలా?

ప్రశ్న: హనుమకొండలో నా పేర ఉన్న మడిగెను 2008లో తెల్లకాగితం ఒప్పందంపై కిరాణా దుకాణానికి ఇచ్చాను. కిరాయిదారు చనిపోయాక ఆయన ఇద్దరు కొడుకులు నడుపుకుంటూ, నెలకు 9,000 రూపాయల కిరాయి సక్రమంగానే ఇస్తున్నారు. ఫార్మసీ చదివిన మా అమ్మాయి చేత అక్కడ మందుల దుకాణం పెట్టించాలని ఖాళీ చేయమంటే, గుడ్‌విల్ (దుకాణం సంపాదించుకున్న పేరు, గిరాకీకి విలువ) కింద అయిదు లక్షలు అడుగుతున్నారు. తాళం వేసుకోవచ్చా?

జవాబు: తాళం మాత్రం వేయకండి. కోర్టు ఉత్తర్వు లేకుండా వెళ్లగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వారు ఆరు నెలల్లోగా దావా వేసి, యజమాని ఎవరన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా స్వాధీనం తిరిగి పొందగలరు.

సొంత అవసరాన్ని రుజువు చేయాలేమోనని మీరు బెంగపడనక్కరలేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద ఆ రుజువు కావాలి గానీ, తెలంగాణలో నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన కట్టడాలకు 32వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం వర్తించదు. కనుక మీ వ్యవహారం ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తుంది. మీ ఒప్పందం రిజిస్టర్ కాలేదు కాబట్టి దీన్ని నెలవారీ కిరాయిగానే పరిగణిస్తారు. 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి కిరాయిదారీని రద్దు చేయవచ్చు, కారణం చూపనవసరం లేదు.

నోటీసు ఎవరికి ఇవ్వాలన్నదే ఇక్కడ అసలు జాగ్రత్త పడవలసిన విషయం. చనిపోయిన కిరాయిదారు వారసులంతా ఉమ్మడి కిరాయిదారులనీ, ఒకరికి ఇచ్చిన నోటీసు అందరికీ చెల్లుతుందనీ సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కొడుకులిద్దరితో పాటు వారి తల్లికీ, అక్కచెల్లెళ్లుంటే వారికీ వేర్వేరుగా స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. దావాలోనూ అందరినీ ప్రతివాదులుగా చేర్చండి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లను వదిలేస్తే, గెలిచిన తర్వాత ఆమె పేరుతో అభ్యంతరం లేవదీసి అమలును సాగదీసే ప్రమాదం ఉంది. నోటీసులో మడిగె హద్దులు, నెల కిరాయి, ఒప్పందం తేదీ తప్పులేకుండా రాయించండి.

గడువు దాటినా కదలకపోతే, స్వాధీనం కోసమూ, నోటీసు తర్వాతి కాలానికి నష్టపరిహారం కోసమూ సివిల్ కోర్టులో దావా వేయండి. కిరాయిదారీనీ, నోటీసు అందడాన్నీ వారు జవాబులో ఒప్పుకుంటే, పూర్తి విచారణ దాకా ఆగకుండా ఆ అంగీకారం మీదనే తీర్పు కోరవచ్చు. ఈలోగా కిరాయి ఇస్తే, పరిహారంలో జమకట్టుకుంటున్నట్లు రాసిన రసీదు ఇచ్చి తీసుకోండి.

ఒప్పందంలో రాసుకుంటే తప్ప గుడ్‌విల్ అడిగే హక్కు వారికి లేదు; అడ్వాన్సు ఉంటే అది మాత్రం బకాయిలు పోను తిరిగి ఇవ్వాలి. ఏళ్లుగా అక్కడే బతికినవారు కనుక కొన్ని నెలల గడువు అడిగితే ఇవ్వడం ధర్మమే. అయితే ఆ రాజీని లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే అదాలత్ ఇచ్చే తీర్పుగా చేయించుకోండి. అది కోర్టు డిక్రీతో (అమలు చేయదగ్గ తీర్పుతో) సమానం కాబట్టి, వారు మాట తప్పితే మళ్లీ కొత్త దావా వేయకుండానే నేరుగా అమలు చేయించుకోవచ్చు.