అడ్వాన్స్‌డ్ మ్యాథ్ తరగతికి ఎంపిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలోని ప్రాథమిక పాఠశాలల్లో, వేగంగా సాగే గణిత తరగతులకు పిల్లలను ఎంపిక చేసే తీరు గురించి తల్లిదండ్రులు తరచుగా ఉత్తరాలు రాస్తున్నారు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. దేశమంతటికీ వర్తించే ఎంపిక నియమం ఏదీ లేదు. కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి, మిగిలినదంతా ఆయా స్కూల్ డిస్ట్రిక్టుల, అంటే ఒక్కో ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థల నిర్ణయం. కాబట్టి పక్క డిస్ట్రిక్టులో ఉన్న మీ స్నేహితులు చెప్పిన పద్ధతే మీ బడిలోనూ ఉంటుందని అనుకోకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. పిల్లల ఆలోచనా సామర్థ్యాన్ని కొలిచే కోగాట్ (CogAT) పరీక్షలో 94వ పర్సంటైల్ వచ్చింది. 95 వస్తేనే అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లోకి తీసుకుంటామని బడివాళ్ళు చెప్పారు. తరగతిలో లెక్కల్లో ఎప్పుడూ ముందుంటుంది. ఒక్క మార్కు తేడాతో అవకాశం పోయినట్టేనా? – ఒక తల్లి, నార్త్ కరోలినా

జవాబు: పోయినట్టు కాదు. పర్సంటైల్ అనేది మార్కుల శాతం కాదు. 94వ పర్సంటైల్ అంటే దేశవ్యాప్తంగా ఆ వయసు పిల్లలు నూరుగురిని తీసుకుంటే వారిలో దాదాపు 94 మంది కంటే మీ అమ్మాయి మెరుగ్గా చేసిందని అర్థం. కోగాట్‌లో వయసును బట్టి ఇచ్చే స్కోరుకు సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 16. ఆ లెక్కన చూస్తే 94వ పర్సంటైల్‌కూ 95వ పర్సంటైల్‌కూ మధ్య ఉన్న దూరం సుమారు ఒక్క పాయింటు. అదే అమ్మాయి మరికొన్ని రోజుల తరువాత అలాంటి పరీక్షే రాస్తే, నిద్ర చాలకపోయినా, ఒక ప్రశ్నను తొందరలో చదివినా, ఆమె స్కోరు అంతకంటే ఎక్కువగానే అటో ఇటో కదులుతుంది. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదని బడివాళ్ళు అనడంలో న్యాయం ఉంది. అయితే ఆ గీతకు ఆనుకుని ఉన్న పిల్లల విషయాన్ని ఆ ఒక్క అంకెతో తేల్చివేయకుండా, మరొక ఆధారం తెప్పించుకుని చూడడం వారి బాధ్యత అని నా దృఢమైన అభిప్రాయం.

రెండో విషయం, ఆ 94 దేనికి వచ్చిన అంకె అన్నది అడిగి తెలుసుకోండి. కోగాట్‌లో మూడు భాగాలు ఉంటాయి: మాటలతో నడిచే వెర్బల్, అంకెలతో నడిచే క్వాంటిటేటివ్, బొమ్మలూ ఆకారాలతో నడిచే నాన్‌వెర్బల్. మూడింటినీ కలిపి ఇచ్చిన మొత్తం స్కోరులో వెర్బల్ భాగం తగ్గి, క్వాంటిటేటివ్ భాగం చాలా ఎక్కువగా ఉన్న పిల్లలు ఎందరో ఉంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఇది అరుదైన సంగతి కాదు. గణిత తరగతికి ఎంపిక చేస్తున్నప్పుడు మాటల భాగం తగ్గిందన్న కారణంతో బిడ్డను వెనక్కి పంపడం సమంజసం కాదు. ఆ మాట మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీ రాష్ట్రంలో దీనికి ఒక చట్టం ఉంది. మూడో తరగతి నుంచి మొదలయ్యే ఏడాది చివరి రాష్ట్ర పరీక్షలో, గణితంలో అత్యున్నత స్థాయి సాధించిన విద్యార్థికి మరుసటి విద్యా సంవత్సరంలో గణితంలో ఉన్నత స్థాయి బోధన అందించాలని 2018లో వచ్చిన ఆ చట్టం చెబుతోంది. అలా అర్హత పొందిన బిడ్డను ఆ అవకాశం నుంచి తప్పించాలంటే, విషయం వివరంగా తెలిసిన తల్లి లేదా తండ్రి రాతపూర్వకంగా అంగీకరించాలి. నాలుగైదు తరగతుల్లో ఆ బోధన ప్రత్యేక తరగతిగానే ఉండాలని లేదు, తరగతి గదిలోనే వేరుగా బోధించవచ్చు. కాబట్టి ఏడాది చివరి పరీక్ష ఫలితం వచ్చేవరకు ఈ విషయం ముగిసినట్టు భావించకండి.

ప్రశ్న: మా అబ్బాయి మూడో తరగతి. ట్యూషన్ సెంటర్‌లో ఐదో తరగతి లెక్కలు చేస్తున్నాడు, భిన్నాల కూడికలు కూడా వేగంగా చేస్తాడు. అయినా బడివాళ్ళు పరీక్ష పెట్టి, నాలుగో తరగతి గణితాన్ని దాటించడానికి ఇంకా సిద్ధంగా లేడని అన్నారు. ఇది అన్యాయం కాదా? – ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: మీ అబ్బాయి జవాబు పత్రం చూడకుండా న్యాయాన్యాయాలు చెప్పలేను. అయితే వారు పెట్టిన పరీక్ష సరైన రకానిదేనని మాత్రం చెప్పగలను, అది ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

మూడో తరగతి పరీక్షలో వందకు వంద తెచ్చుకున్న బిడ్డకు మూడో తరగతి గణితం వచ్చునని తెలుస్తుంది. అంతకు మించి అతనికి ఎంత తెలుసో ఆ పరీక్ష చెప్పలేదు, ఎందుకంటే చెప్పడానికి అందులో ప్రశ్నలు లేవు. ఈ ఇబ్బందిని బాగా గుర్తించిన వారిలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జూలియన్ స్టాన్లీ ఒకరు. ఆయన 1971లో ప్రారంభించిన అధ్యయనంలో, కాలేజీ ప్రవేశాల కోసం పదిహేడేళ్ళ పిల్లలు రాసే ఎస్ఏటీ పరీక్షను పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల చేత రాయించారు. తరగతి పరీక్షలో అందరికీ ఒకేలా 99 వచ్చిన పిల్లల మధ్య ఎంత తేడా ఉందో అప్పుడు బయటపడింది. మంచి డిస్ట్రిక్టులు ఇప్పుడు చిన్న తరగతుల్లోనూ ఇదే సూత్రాన్ని పాటిస్తున్నాయి. అంటే, బిడ్డ దాటబోయే తరగతి ఏడాది చివరి పరీక్షను ముందుగానే పెట్టి, అందులో ఏయే అంశాలు వచ్చో, ఏవి రావో చూస్తున్నాయి. ఏడాదిలో రెండు మూడుసార్లు కంప్యూటర్ మీద పెట్టే మ్యాప్ పరీక్ష కూడా కొంత ఇలాంటిదే. సరైన జవాబు చెప్పిన కొద్దీ ప్రశ్నలు కఠినమవుతూ పోతాయి కనుక, తరగతి స్థాయిని దాటిన బిడ్డ ఎక్కడిదాకా వెళ్ళగలడో అది కొంతవరకు చూపిస్తుంది.

ఇక భిన్నాల సంగతి. మీ రాష్ట్రంతో సహా చాలా రాష్ట్రాల పాఠ్య ప్రమాణాలు, ఏ తరగతిలో ఏమి నేర్పాలో చెప్పే కామన్ కోర్ అనే ఉమ్మడి ప్రమాణాల నుంచి వచ్చినవే. వాటి ప్రకారం మూడో తరగతిలో పిల్లలు భిన్నాన్ని ఒక సంఖ్యగా, సంఖ్యారేఖ మీద ఒక బిందువుగా తెలుసుకుంటారు. నాలుగో తరగతిలో సమాన భిన్నాలు, హారాలు ఒకటిగా ఉన్న భిన్నాల కూడిక, భిన్నాన్ని పూర్ణసంఖ్యతో గుణించడం వస్తాయి. ఐదో తరగతిలో వేర్వేరు హారాలున్న భిన్నాల కూడిక, భిన్నాల గుణకారం, ఒకటి లవంగా ఉన్న భిన్నాలతో భాగాహారం మొదలవుతాయి. ఈ వరుసలో నాలుగో తరగతి కీలకమైనది. సమాన భిన్నాలు ఎందుకు సమానమో తెలియకుండానే హారాలను అడ్డంగా గుణించి కూడే పద్ధతి నేర్చిన బిడ్డకు జవాబులు సరిగానే వస్తాయి. అలాంటి బిడ్డను 3/4, 5/6లలో ఏది పెద్దదో గీత గీసి చూపించమన్నా, ఒకటిని మూడో వంతుతో భాగిస్తే మూడు ఎందుకు వస్తుందో ఒక చిన్న కథగా చెప్పమన్నా ఆగిపోవడం కద్దు. ఆ లోపం ఐదో తరగతిలో కనబడకపోవచ్చు, నిష్పత్తులు వచ్చే ఆరో తరగతిలో మాత్రం తప్పక కనబడుతుంది. నాలుగో తరగతిలో భిన్నాలే కాదు, పెద్ద సంఖ్యల గుణకారం, శేషం వచ్చే భాగాహారం, కోణాలను కొలవడం కూడా ఉంటాయి. ట్యూషన్ సెంటర్లు చాలావరకు కోణాల జోలికి పోవు.

మీరు బడివారిని అడగవలసింది ఒక్కటే: ఏయే అంశాల్లో లోటు కనబడింది? ఆ జాబితా చేతికి వస్తే, తిరిగి పరీక్ష ఎప్పుడు పెడతారో కూడా అడగండి. తరగతి మొత్తాన్ని దాటించే ముందు మిగిలిపోయిన రెండు మూడు అంశాలను నేర్పి, ఆ తరువాత దాటించడం ఎన్నోచోట్ల జరుగుతోంది. గణిత తరగతి ఎంపికను నేను బహుమతిగా చూడను. ఈ బిడ్డకు రేపు ఏ పాఠం చెప్పాలి అన్న ప్రశ్నకు అది జవాబు కావాలి. మీ అబ్బాయికి ఆ పాఠం ఏదో ఆ జాబితా చెబుతుంది.

ప్రశ్న: మా బడిలో టీచర్ పేరు సూచించిన పిల్లలకే పరీక్ష పెడతారు. మా పాప తెలివైనదే కానీ, చేయెత్తి జవాబు చెప్పే స్వభావం కాదు. మేము ఈ దేశానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఏం చేయాలి? – ఒక తల్లి, ఒహాయో

జవాబు: మీ ఆందోళనలో నిజం ఉంది. టీచర్లు చెడ్డవారని కాదు, ఇరవై అయిదు మంది పిల్లల్లో ఎవరి మనసులో ఏముందో పసిగట్టడం ఎవరికైనా కష్టం. చురుకుగా మాట్లాడేవారు, పని నీటుగా పూర్తి చేసేవారు ముందు కంటపడతారు.

ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ అనే పెద్ద డిస్ట్రిక్టు దీనిని 2005లో ఆచరణలో చూపించింది. అంతవరకు టీచర్లు, తల్లిదండ్రులు సూచించిన పిల్లలనే ప్రత్యేక ప్రతిభ తరగతుల కోసం పరీక్షించేవారు. ఆ ఏడాది నుంచి రెండో తరగతి పిల్లలందరికీ మాటల అవసరం లేని చిన్న పరీక్ష ఒకటి పెట్టడం ప్రారంభించారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు ఆ ఫలితాలను పరిశీలించి 2016లో ప్రచురించారు. పేద కుటుంబాల పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు అంతకుముందు కంటే చాలా ఎక్కువ సంఖ్యలో అర్హత సాధించారని తేలింది. పిల్లలు మారలేదు, వారిని వెతికే పద్ధతి మాత్రమే మారింది. తరువాత ఆర్థిక మాంద్యంలో ఆ కార్యక్రమానికి నిధులు తగ్గించగానే ఆ మేలు కూడా తగ్గిపోవడం నన్ను ఎంతో బాధించే విషయం.

మీ విషయానికి వస్తే, పరీక్షకు తల్లిదండ్రులు కూడా పేరు సూచించవచ్చునేమో బడి కార్యాలయంలో అడగండి. చాలా డిస్ట్రిక్టులు ఇందుకు అనుమతిస్తాయి, కానీ దానికి గడువు ఉంటుంది. ఉత్తరంలో ‘మా పాప తెలివైనది’ అని రాయకండి. ఆమె తనంతట తాను ఏ లెక్కను ఏ దారిలో సాధించిందో రెండు మూడు ఉదాహరణలు రాయండి, ఆమె చేతిరాతతో ఉన్న కాగితాలు జతచేయండి. టీచర్‌కు అవి నిజంగా ఉపయోగపడతాయి.

ప్రశ్న: కోగాట్ కోసం అభ్యాస పుస్తకాలు కొని చేయించవచ్చా? – ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

జవాబు: ప్రశ్నల రూపం కొత్తగా అనిపించి బిడ్డ భయపడకుండా ఒకటి రెండు సార్లు చూపించడంలో తప్పు లేదు. నెలల తరబడి వాటినే చేయించడం మాత్రం వద్దు. తెచ్చుకున్న స్కోరుతో తరగతిలోకి వెళ్ళిన తరువాత, అక్కడి పాఠాన్ని ప్రతిరోజూ అందుకోవలసింది ఆ బిడ్డే. ఆ పుస్తకాలకు పెట్టే సమయంలో బిడ్డ చేత మంచి పజిళ్ళు చేయించండి, అంకెల ఆటలు ఆడించండి.

ప్రశ్న: మా బడిలో ఆరో తరగతి వరకు అడ్వాన్స్‌డ్ మ్యాథ్ ఉండదట. మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉన్నాడు, చెప్పిందే చెబుతున్నారని విసుగుపడుతున్నాడు. గిఫ్టెడ్ (ప్రత్యేక ప్రతిభ గల పిల్లల) కార్యక్రమంలో లేడు కాబట్టి ఏమీ చేయలేమని అంటున్నారు. – ఒక తండ్రి, ఇల్లినాయ్

జవాబు: మీ రాష్ట్రంలో ఆ మాట చెల్లదు. 2018 జులై 1 నుంచి అమల్లో ఉన్న యాక్సిలరేటెడ్ ప్లేస్‌మెంట్ చట్టం ప్రకారం, ప్రతి డిస్ట్రిక్టుకూ పిల్లలను ముందుకు జరిపే విషయంలో ఒక విధానం ఉండి తీరాలి. ఒకే సబ్జెక్టులో పై తరగతికి పంపడం కూడా అందులో భాగమే. గిఫ్టెడ్‌గా గుర్తింపు పొందిన పిల్లలకే దానిని పరిమితం చేయరాదు. నిర్ణయం ఒక్క వ్యక్తి చేతిలో ఉండకూడదు, తల్లిదండ్రులు అందులో పాల్గొనాలి, ఒకటికి మించిన విశ్వసనీయ ఆధారాలను పరిశీలించాలి. డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఆ విధాన పత్రాన్ని వెతికి, దాని పేరు పేర్కొంటూ ప్రిన్సిపల్‌కు ఉత్తరం రాయండి.

ఉత్తరంతో పాటు మీ అబ్బాయి పరీక్షల స్కోర్ల ప్రతులను కూడా అడగండి. 1974 నాటి ఫెర్పా అనే కేంద్ర చట్టం ప్రకారం బిడ్డ విద్యా రికార్డులను చూసే హక్కు తల్లిదండ్రులకు ఉంది, అడిగిన 45 రోజుల లోపు బడి వాటిని చూపించాలి. ఆ కాగితాలు చేతికి వచ్చాకే సమావేశం కోరండి. ఐదో తరగతి గణితం జరిగే సమయానికి అతన్ని ఆ గదికి పంపగలరా, టైమ్‌టేబుల్ కుదురుతుందా, అతను ఐదో తరగతికి వచ్చాక ఆరో తరగతి గణితం ఎక్కడ చెబుతారు అన్న మూడు విషయాలు ఆ సమావేశంలోనే తేల్చుకోండి. మూడోదాన్ని వదిలేస్తే, ఒక ఏడాది ముందుకు వెళ్ళిన పిల్లవాడు మరుసటి ఏడాది అదే పాఠాన్ని మళ్ళీ వినవలసి వస్తుంది.