ఉక్కుకు మిగ్ వెల్డింగ్: చేతిలో ఉన్న ఆర్గాన్ పనికివస్తుందా, వేరే గ్యాసు కొనాలా?

చిన్న మిగ్ యంత్రం (వైరును తానే అందిస్తూ, చుట్టూ గ్యాసు కప్పి కరిగించి అతికేది) కొన్నారు, బల్లలు, అరలు, చట్రాల వంటి ఉక్కు పనులు చేసుకోవాలనుకుంటున్నారు, టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసే మరో రకం వెల్డింగ్) కోసం కొన్న స్వచ్ఛమైన ఆర్గాన్ సిలిండర్ ఇంట్లోనే ఉంది కాబట్టి దానితో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దు. నేను సరిపెట్టుకోబోయి భంగపడ్డవాణ్ణే.

అప్పట్లో నాదీ మీ ఆలోచనే. 4 మి.మీ. పట్టీలు రెండు తీసుకుని ఒకదానిపై ఒకటి నిలువుగా నిలబెట్టి ఆర్గాన్‌తో అతికాను. ఆర్క్, అంటే వైరుకూ ఉక్కుకూ మధ్య వెలిగే విద్యుత్ మంట, ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తడబడింది. అతుకు మాత్రం వానపాము పడుకున్నట్టు ఉబ్బెత్తుగా, చూడటానికి బాగానే వచ్చింది. అనుమానం తీరక వైస్‌లో బిగించి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఒక వైపు మొత్తం ఊడి వచ్చేసింది. ఊడినచోట చూద్దును కదా, వెల్డింగ్‌కు ముందు నేను గ్రైండర్‌తో గీసిన గీతలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి! అంటే అడుగున ఉన్న ఉక్కు కరగనే లేదు, కరిగిన వైరు దానిపై పేరుకుందంతే. ఆర్గాన్ దేనితోనూ రసాయన చర్య జరపని వాయువు. ఉక్కుపై ఆర్క్ స్థిరంగా నిలవాలన్నా, కరిగిన లోహం అంచులదాకా పరుచుకోవాలన్నా కొంచెం కార్బన్ డయాక్సైడో ఆక్సిజనో తోడు కావాలి. మీ ఆర్గాన్‌ను అల్యూమినియానికి, టిగ్‌కు దాచుకోండి.

కాబట్టి మీ ముందున్నవి రెండే: కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే వాడటం, లేదా ఆర్గాన్‌లో 18 నుంచి 25 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ కలిపిన మిశ్రమం. 2 మి.మీ., అంతకంటే మందమైన ఉక్కే మీ పని అయితే కార్బన్ డయాక్సైడ్‌తోనే మొదలుపెట్టమంటాను. చవక, లోతుగా కరిగిస్తుంది. కొత్త చేతికి ఆ లోతే రక్ష. పైకి అందంగా ఉండి లోపల అతుక్కోని వెల్డ్ కంటే, మోటుగా ఉన్నా పట్టు ఉన్నది మేలు కదా. ఆర్క్ వేడికి ఈ గ్యాసు విడిపోయి ఆక్సిజన్ విడుదలవుతుంది. ఆ ఆక్సిజన్ పని పట్టడానికే మామూలు ఉక్కుకు వాడే ఈఆర్70ఎస్-6 వంటి వైర్లలో మాంగనీసు, సిలికాన్ కలుపుతారు. వెల్డ్ పైన అక్కడక్కడా కనిపించే గాజులాంటి గోధుమరంగు పెచ్చులు ఆక్సిజన్‌తో కలిసిన అవే, కంగారు పడకండి, రంగు వేసే ముందు గోకేస్తే చాలు.

దీని చిరాకు నిప్పు తుంపరలు. గ్యాసు బయటికి వచ్చే నాజిల్ లోపల పేరుకుంటాయి, చుట్టుపక్కల రేకుకు అంటుకుంటాయి. మిశ్రమానికి పెట్టే వోల్టేజీ కంటే ఒకటి రెండు వోల్టులు పెంచితే కాస్త తగ్గుతాయి. 1 మి.మీ. రేకులు, కారు బాడీ పనులు ఎక్కువైతే మాత్రం మిశ్రమానికి డబ్బు పెట్టడం దండగ కాదు. ఆర్క్ మెత్తగా ఉంటుంది, రేకుకు బొక్క పడే ప్రమాదం తగ్గుతుంది, తర్వాత గ్రైండింగ్ పని కూడా. 20 శాతమా 25 శాతమా అన్న చర్చలు చాలా చూశాను కానీ, చిన్న యంత్రాలపై నాకెప్పుడూ తేడా తెలియలేదు. ఏది సులువుగా దొరికితే అది తీసుకోండి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గురించి ఒక మాట. లోపల ఉండేది ద్రవం. అందుకే గది 20 డిగ్రీల దగ్గర ఉంటే, ద్రవం చుక్క మిగిలున్నంత వరకూ ఒత్తిడి చూపే మీటరు సుమారు 57 బార్ల దగ్గరే నిలిచి ఉంటుంది. ముల్లు కదలడం లేదని మురిసిపోయిన నేను ఒక ఆదివారం పని సగంలో ఉండగా గ్యాసు అయిపోయి చతికిలబడ్డాను. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ను తూచాలి. ఖాళీ బరువు దానిపైనే చెక్కి ఉంటుంది. ఎప్పుడూ నిలబెట్టి, గోడకు గొలుసుతో కట్టి వాడండి. పడుకోబెడితే గ్యాసు ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్‌లోకి ద్రవం వస్తుంది. ఆపకుండా ఎక్కువసేపు వెల్డ్ చేస్తే రెగ్యులేటర్ మంచు పట్టి బిగుసుకుపోవచ్చు, ఇంటి పనిలో మాత్రం అంత అవసరం అరుదు. మిశ్రమం సిలిండర్‌లో ఉండేది ఒత్తిడితో నింపిన వాయువే కాబట్టి అక్కడ మీటరును నమ్మవచ్చు. రెండింటి రెగ్యులేటర్ బిగింపులు చాలాచోట్ల వేరుగా ఉంటాయి, కొనేముందు సరిచూసుకోండి.

వెల్డ్‌లో సూదిబెజ్జాలు పడితే గ్యాసు రకాన్ని తిట్టకండి. నేను తిట్టాను, పైగా గ్యాసు చాలడం లేదనుకుని ప్రవాహాన్ని నిమిషానికి 20 లీటర్లు దాటించాను. బెజ్జాలు ఇంకా పెరిగాయి. మరీ వేగంగా వస్తే గ్యాసు సుడులు తిరిగి బయటి గాలిని తనతో లోపలికి లాక్కొస్తుంది. చివరికి తేలిందేమిటంటే, నాజిల్ సగం తుంపరలతో పూడిపోయి ఉంది, వెనక ఫ్యాను తిరుగుతోంది! ఫ్యాను గాలి వెల్డ్‌కు తగలకుండా తిప్పి, నాజిల్ గోకి, 10 లీటర్లకు తగ్గించగానే బెజ్జాలు పోయాయి. అలాగని తలుపులన్నీ మూసుకోవద్దు. ఈ గ్యాసులు గాలికంటే బరువైనవి, ఇరుకు గదిలోనో గుంతలోనో చేరితే ఊపిరాడదు.

ఆరుబయట గాలిలోనే పని అంటారా, అప్పుడు ఏ గ్యాసూ నిలవదు. గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ వైరు (వెల్డ్‌ను కాపాడే పొడి లోపలే నింపినది) తెచ్చుకోండి. యంత్రంలో పొలారిటీ (పాజిటివ్, నెగటివ్ కలిపే తీరు) మార్చి, చేత్తో పట్టుకునే టార్చ్‌ను నెగటివ్‌కు కలపడం మాత్రం మరిచిపోవద్దు.