సైకిల్ గ్రూప్ రైడ్‌లో కొత్తవాళ్లు వెనకబడిపోవడం: సమాధానం

లోపం కొత్తవాళ్ల స్టామినాలో లేదండీ, మీ సైకిల్ గ్రూపు ఆగే పద్ధతిలో ఉంది. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు నుంచి గండిపేట వెళ్లేటప్పుడు వాళ్లు సగంలోనే చేతులెత్తేస్తున్నారని, మరుసటి ఆదివారం కనిపించట్లేదని రాశారు కదా.

ముందువాళ్లు ఆగి నీళ్లు తాగుతారు, ఫొటోలు దిగుతారు. చివరి మనిషి రొప్పుతూ వచ్చి కాలు కింద పెట్టగానే "అందరూ వచ్చేశారుగా, పదండి" అంటారు. విశ్రాంతి అవసరమైన మనిషికే అది దక్కదు.

1. విరామాన్ని చివరి మనిషి వచ్చాకే లెక్కపెట్టండి. కనీసం ఐదు నిమిషాలు. మళ్లీ ఎప్పుడు బయల్దేరాలో ఆ మనిషినే చెప్పనివ్వండి. చాలా గ్రూపులు వదిలేసేది ఇదే.

2. అనుభవం ఉన్న ఒకరు మొదటి నుంచీ చివర్లోనే ఉండాలి. పంపు, స్పేర్ ట్యూబు వాళ్ల దగ్గరే.

3. ప్రతి మలుపులో ఒకరు నిలబడి దారి చూపాలి. గ్రూపు చెదురుతుందని రెడ్ సిగ్నల్ మాత్రం దాటొద్దు. ముందు దాటినవాళ్లు ఎడమ పక్కకి తీసి ఆగితే సరిపోతుంది.

4. సీటు ఎత్తు చూడండి. పెడల్ బాగా కిందున్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా ఉండాలి. కొత్తవాళ్లు భయంతో సీటు మరీ కిందకి దించుకుంటారు, మోకాళ్లు పట్టేస్తాయి.

మొదటి రైడ్ గండిపేటకి వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, లారీల మధ్య తొక్కాల్సిన పని లేదు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఓపికున్నంత దూరం వెళ్లి వెనక్కి రండి.