ప్రెస్‌లో పనిచేస్తున్న అమ్మాయిని యూఎక్స్ కోర్సులో చేర్పించాలా?

చెన్నై పెరంబూర్ నుంచి ఒక అమ్మ రాశారు. కూతురు బీకాం అయ్యి ఏడాదిగా ప్యారీస్ కార్నర్‌లో, ఆండర్సన్ స్ట్రీట్ దగ్గర ఒక ప్రెస్‌లో చేస్తోంది, కస్టమర్లు పంపే డిజైన్లని ప్రింటింగ్‌కి రెడీ చేసే పని. "ప్రింటింగ్ పనైపోయింది అంటున్నారు, మా ఆడపడుచు కొడుకు ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో యూఎక్స్ డిజైనర్, యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ళకి సులువుగా ఉండేలా డిజైన్ చేసే పనట, లక్షన్నర కట్టి దీన్ని కూడా ఆ కోర్సులో వెయ్యమంటారా? రెండిట్లో ఏది బెటరో చెప్పండి. ఇదేమో ఇంటికొచ్చాక కూడా ఎవరో మూడు మిల్లీమీటర్లు వదల్లేదని ఒకటే గోల" అని.

అమ్మా, ఈ ఉత్తరం నాకు కొత్త కాదు, ఒకప్పుడు యానిమేషన్ అని రాసేవాళ్ళు, ఇప్పుడు యూఎక్స్ అని రాస్తున్నారు. నన్ను అడిగితే మీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క ఆ మూడు మిల్లీమీటర్ల గోలే, మీరేమో దాన్ని కంప్లయింట్‌లా రాశారు. కాగితం కట్ చేసేటప్పుడు కత్తి ఒక వెంట్రుక అటూ ఇటూ జరుగుద్ది, అందుకని రంగుని అంచు దాటించి ఇంకో 3 మిల్లీమీటర్లు పోనివ్వాలి, దాన్నే బ్లీడ్ అంటారు, లేకపోతే కార్డు పక్కన తెల్లగీత వస్తుంది. వెయ్యి కార్డులు అలా వచ్చాక పార్టీ డబ్బులివ్వడు. ఏడాదికే ఇది ఒంటికి పట్టి ఇంట్లో కూడా దాని గురించే మాట్లాడుతోందంటే ఆ పిల్లకి పని పట్టుబడినట్టే.

నా అనుభవం ఒకటి చెప్తా. మా సెంటర్ పాంప్లెట్ ఒక కుర్రాడితో చేయించా, స్క్రీన్ మీద నీలం మెరిసిపోతోంది, ప్రింటయ్యి వచ్చాక చూస్తే వంకాయ రంగు! ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో చేసిన ఫైల్‌ని ప్రింటింగ్ రంగుల్లోకి మార్చకుండా అలాగే పంపేశాడు, ప్రెస్సోళ్ళు కూడా అడక్కుండా కొట్టేశారు. మీ అమ్మాయి లాంటిది ఒకత్తి మధ్యలో ఉండుంటే ప్రింటింగ్ ప్లేటు వెయ్యకముందే ఆపేది. తెలుగు ఫైల్ అయితే ఇంకా గొడవ, పేజీలు తయారుచేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే శుభలేఖలో లక్ష్మి అన్న పేరుకే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, తమిళం మాత్రమే వచ్చినవాళ్ళకి అది తప్పని కూడా తెలీదు. చెన్నైలో తెలుగు చదవడం వచ్చి, ఈ పని కూడా వచ్చినవాళ్ళు ఎంతమంది దొరుకుతారు చెప్పండి?

యూఎక్స్ చెడ్డదని అనట్లా, బాగా చేసేవాళ్ళు బాగానే సంపాదిస్తున్నారు. కానీ ఈ ఆర్నెల్ల కోర్సుల మీద నాకు గురి తక్కువ. అవి చేసొచ్చిన పిల్లలు నాకు పోర్ట్‌ఫోలియోలు చూపిస్తారు, పదిమందిలో ఎనిమిది మంది అదే ఫుడ్ డెలివరీ యాప్‌ని మళ్ళీ డిజైన్ చేసి తెస్తారు, బటన్ రంగు కూడా అదే, వాడేవాళ్ళతో ఎప్పుడైనా మాట్లాడావా అంటే నేల చూపులు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న ఇన్‌స్టిట్యూట్‌ని పోయిన బ్యాచ్‌లో నలుగురి ఫోన్ నంబర్లు అడగండి, ఎంతసేపు నీళ్ళు నములుతారో చూడండి.

కోప్పడతారేమో గానీ ఒక మాట. ఉత్తరంలో ఆడపడుచు మూడుసార్లొచ్చింది, అమ్మాయి ఏమంటోందో ఒక్కసారి కూడా రాలేదు. రేపు ఫంక్షన్‌లో ఎవరైనా ఆవిడ కొడుక్కేం, మీ అమ్మాయి ఇంకా ప్రెస్సేనా అంటారని కదా మీ బాధ? దానికి లక్షన్నర ఎందుకండీ.

భయపడకండి. పెళ్ళికార్డుల పని తగ్గుతున్న మాట నిజమే, అందరూ వాట్సాప్‌లో పంపేస్తున్నారు, అక్కడే ఉండిపొమ్మని నేనూ చెప్పను. జీతం కూడా మొదట్లో చిన్నదే. కానీ మందుల డబ్బా, బిస్కెట్ ప్యాకెట్ వాట్సాప్‌లో రావు కదా, ఆర్డర్ యాప్‌లో పెట్టినా సరుకు అట్టపెట్టెలోనే వస్తుంది. ప్యాకేజింగ్ వైపు వెళ్ళమనండి, డైలైన్ (డబ్బా ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ మడవాలో చూపే గీతలు) వెయ్యడం, స్పాట్ కలర్ (విడిగా కలిపి పెట్టిన సిరా రంగు), ఓవర్‌ప్రింట్ (ఒక రంగు మీద ఇంకో రంగు వెయ్యడం), పీడీఎఫ్ ఎక్స్ 4 (ప్రింటింగ్‌కి పంపే ఒక రకం ఫైల్) ఇవన్నీ ఇంకో ఏడాది చేత్తో నేర్చుకోనివ్వండి. అన్నా యూనివర్సిటీ వాళ్ళు గిండీలో ప్రింటింగ్, ప్యాకేజింగ్ మీద బీఈనే నడుపుతున్నారు, మీ అమ్మాయిని అందులో చేరమనట్లేదు, చచ్చిపోయిన దానికి ఎవరూ ఇంజినీరింగ్ పెట్టరని చెప్తున్నా. యూఎక్స్ మీద నిజంగా ఇష్టముంటే సాయంత్రాలు ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా నేర్చుకోవచ్చు, మూడు నెలల తర్వాత తనే చెప్తుంది.

అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా? కట్టేసుంటే ఆ రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో రిఫండ్ గురించి ఏముందో చదివి నాకు మళ్ళీ రాయండి.