టెక్ సందేహాలు: జేబులో లినక్స్, ఉగ్గాని బండి దగ్గర చిల్లర

ప్రశ్న: సార్, నా దగ్గర 2018లో కొన్న పోకో ఎఫ్1 ఉంది. ఆండ్రాయిడ్ 10తో అప్‌డేట్లు ఆగిపోయాయి. దీంట్లో అసలు లినక్స్ వేసుకోవచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు. వేసుకుంటే రోజూ వాడుకునే ఫోన్‌గా పనికొస్తుందా? ఆండ్రాయిడ్ కూడా లినక్సే అంటారు కదా, మరి తేడా ఏంటి? - ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

తేడా ముందు చెప్తాను. రాగి పిండి ఒకటే. కెలికితే సంగటి, కాస్తే జావ. ఆండ్రాయిడ్‌లోనూ, మీరు చెప్పే లినక్స్ ఫోన్లలోనూ అడుగున ఉండేది లినక్స్ కెర్నలే, అంటే యంత్రాన్ని నడిపే గుండెకాయ. దాని పైన గూగుల్ తన పద్ధతిలో కట్టుకున్నది ఆండ్రాయిడ్. కంప్యూటర్‌లో వాడే డెబియన్, ఆల్పైన్ లాంటివాటినే చిన్న స్క్రీన్‌కు సర్దినవి మొబియన్, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్. అందుకే ప్లేస్టోర్ యాప్‌లు వీటిలో నేరుగా నడవవు.

పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ 2017లో మొదలైంది. ఒక ఫోన్ పదేళ్లు బతకాలన్నది వాళ్ల పట్టుదల. మీ పోకోలో ఉన్న స్నాప్‌డ్రాగన్ 845 చిప్ మీద ఆ బృందం, బయటి డెవలపర్లు చాలా పని చేశారు. కాబట్టి ఎక్కుతుంది, టచ్, వైఫై పనిచేస్తాయి, ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంటుంది. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో తెలుగు ఫాంట్ వేసుకోండి, సరిపోతుంది.

రోజూ వాడటం మాత్రం వేరే సంగతి. అదే చిప్ ఉన్న పాత ఫోన్ నా దగ్గరా ఒకటి ఉంటే, దాంట్లో ఇదే వేసి, అసలు ఫోన్ ఇంట్లో పెట్టి ఒక పూట బయట తిరిగాను. టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాను. ఎదురుగా క్యూఆర్ కోడ్, చేతిలో గర్వంగా లినక్స్ ఫోన్, డబ్బు కట్టే దారి లేదు. ఐదు వందల నోటు తీస్తే బండి ఆయన నా మొహం, నోటు మార్చి మార్చి చూసి, "పొద్దున్నే చిల్లర యాడ తేవాల సార్?" అన్నాడు. చివరికి పక్కన తింటున్న కుర్రాడు తన ఫోన్‌తో నా డబ్బు కట్టాడు. పక్క అంగట్లో నోటు మార్చి అతనికి ఇచ్చేసరికి పది నిమిషాలు.

యూపీఐ ఎందుకు కుదరదో చూడండి. ఇక్కడ రెండు తాళాలున్నాయి. మొదటిది సిమ్. యూపీఐ యాప్ మీ సిమ్ నుంచి తనంతట తాను ఒక ఎస్సెమ్మెస్ పంపి, ఈ నంబర్ ఈ ఫోన్‌లోనే ఉందని రుజువు చేసుకుంటుంది. లినక్స్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపడానికి వేడ్రాయిడ్ అని ఒకటుంది. మొత్తం ఆండ్రాయిడ్‌ను ఒక పెట్టెలో పెట్టి నడుపుతుంది. మామూలు యాప్‌లు బాగానే తెరుచుకుంటాయి, కానీ ఆ పెట్టెలోకి సిమ్ కనిపించదు. ఎస్సెమ్మెస్ పోదు, కథ అక్కడే ఆగుతుంది. రెండోది గూగుల్ పరీక్ష. ఫోన్‌లో ఉన్నది కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేరేనా, బూట్‌లోడర్‌కు (ఆన్ చేయగానే ఫోన్‌ను లేపే ప్రోగ్రామ్‌కు) తాళం ఉందా అని చాలా బ్యాంకు యాప్‌లు ప్లే ఇంటెగ్రిటీ ద్వారా అడుగుతాయి. వేడ్రాయిడ్ ఆ పరీక్షలో పాస్ కాదు. ఇది లినక్స్ చేతగానితనం కాదు. తలుపు అవతలి నుంచి వేసి ఉంది.

ఇక కాల్స్. జియోకు 2జీ, 3జీ లేవు, మాట్లాడాలంటే వోల్టీఈ (4జీ మీదే కాల్ నడిపే పద్ధతి) ఉండి తీరాలి. లినక్స్ ఫోన్లలో వోల్టీఈ కొన్ని మోడళ్లలోనే, కొన్ని నెట్‌వర్క్‌లలోనే కుదురుతుంది. ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటి సిమ్ అయితే 2జీ మీదికి దిగి కాల్ కలిసే అవకాశముంది. మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఊరి నుంచి రాత్రిపూట ఫోన్ రావచ్చనుకుంటే ఈ టెన్షన్ ఎందుకు చెప్పండి?

వాట్సాప్‌కు ఫైర్‌ఫాక్స్‌లో వాట్సాప్ వెబ్ ఉంది. అది కంప్యూటర్ కోసం చేసిన పేజీ, ఇరుకుగా ఉంటుంది. పైగా అసలు ఖాతా ఇంకో ఫోన్‌లో ఉండాలి, దాన్ని 14 రోజులకు మించి తెరవకపోతే ఇక్కడ లాగౌట్ అవుతుంది. డిజిలాకర్, రైలు టికెట్లు బ్రౌజర్‌లోనే అయిపోతాయి. కెమెరా మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాటరీ కూడా ఆండ్రాయిడ్‌లో వచ్చినంత రాదు. నాది పొద్దున నిండుగా తీసుకెళ్తే మధ్యాహ్నానికి చేతులెత్తేసింది.

ఇంత చెప్పాక కూడా మీకైతే వేసుకోమనే అంటాను, రెండో ఫోన్‌గా. సిమ్ తీసేసి వైఫైలో పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్లి పైథాన్ రాయండి, చిన్న వెబ్ సర్వర్ నడపండి. కనీసం 6 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ యంత్రం సొరుగులో ఊరికే పడుంది కదా! ముందు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వికీలో మీ మోడల్ పేజీ తెరిచి, కాల్స్, కెమెరా, జీపీఎస్ ఎదురుగా ఏం రాశారో చూడండి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, పోకో షావోమీదే కాబట్టి షావోమీ ఖాతాతో అనుమతి తీసుకుని కొన్ని రోజులు ఆగాల్సి కూడా వస్తుంది. ఫోటోలు ముందే దించుకోండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. గూగుల్ కళ్లబడకుండా ఉండాలని ఉంది. లినక్స్‌తోనే వచ్చే లిబ్రెమ్ 5, పైన్‌ఫోన్ లాంటి ఫోన్లు తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు గానీ అంగడికి పనికిరావు. పైన్‌ఫోన్ మొదట్లో 149 డాలర్లకు వచ్చింది, 2 జీబీ ర్యామ్‌తో. ఈ రోజుల్లో దాని మీద ఒక వెబ్ పేజీ తెరుచుకునేలోపు మీ దగ్గర ఇంకో చీర అమ్ముడుపోతుంది. లిబ్రెమ్ 5లో మైకు-కెమెరా, వైఫై, మొబైల్ నెట్‌వర్క్ ఆపడానికి మూడు బొత్తాలు బయటే ఉంటాయి, ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం. ధర మాత్రం మంచి ఆండ్రాయిడ్ ఫోన్ ధరకు మించుతుంది. పాడైతే కడపలోనే కాదు, హైదరాబాద్‌లోనూ విడిభాగం దొరకడం కష్టం. యూపీఐ లేకుండా మీ గల్లా ఒక్క గంట కూడా నడవదు.

మధ్యేమార్గం చెప్తాను. వసూళ్ల కోసం మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి కౌంటర్ దగ్గరే పెట్టండి, అందులో బ్యాంకు యాప్ తప్ప ఏమీ వద్దు. మీ సొంతానికి గూగుల్ సేవలు కలపని లీనేజ్‌ఓఎస్ వేసిన ఫోన్ వాడండి, యాప్‌లు ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల అంగడి నుంచి దించుకోండి. అదీ ఆండ్రాయిడే కాబట్టి ఆ మోడల్‌కు వోల్టీఈ, కెమెరా సాధారణంగా సరిగానే ఉంటాయి. పిక్సెల్ ఫోన్ కొనే స్తోమత ఉంటే దాని మీద వేసుకునే గ్రాఫీన్‌ఓఎస్ (ఇదీ ఆండ్రాయిడే) భద్రతలో ఇంకా గట్టిది.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. పాత ఫోన్‌లో ఉబుంటు టచ్ (ఫోన్ల కోసం చేసిన ఉబుంటు లినక్స్) వేద్దామని తీస్తే వెనక మూత కాస్త పైకి లేచి ఉంది. నొక్కి అతికించి వేసుకోవచ్చా? ఉబుంటు వాళ్లు ఆ ఫోన్ల పని ఆపేశారని కూడా విన్నాను.

ఉబుంటు తయారుచేసే కనానికల్ కంపెనీ 2017లో ఆపేసిన మాట నిజమే, ఆ తర్వాత యూబీపోర్ట్స్ బృందం చేతికి వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. అదంతా తర్వాత. మూత నొక్కొద్దు. లోపల బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ పెట్టకండి, ఆన్ చేయకండి, కర్నూలు ఎండలో బండి డిక్కీలో అసలు ఉంచకండి. రిపేరు అంగడికి తీసుకెళ్లి ఆ బ్యాటరీ తీయించండి. కొత్తది వేయించాక మళ్లీ రాయండి, ఏ మోడలో కూడా చెప్పండి.