ఫోస్టర్ కేరర్లను సమీక్షించే సోషల్ వర్కర్: ఆ ఉద్యోగానికి చేరే దారి

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్కులో మాస్టర్స్ పట్టా) పూర్తిచేసి, బాలల సంరక్షణ రంగంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. ఇంగ్లండులో ఫోస్టర్ కేరర్లను (తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లలను తమ ఇంట్లో పెంచేవారిని) ఏటా సమీక్షించే సోషల్ వర్కర్ ఉద్యోగం ఒకటి ఉందని తెలుసుకుని, నేరుగా దానికే దరఖాస్తు చేస్తానంటోంది. ఆ పని ఎలా ఉంటుంది? ఇక్కడి చదువుతో అది దొరుకుతుందా? స్థిరమైన ఉద్యోగమేనా? — ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి పెట్టుకున్న లక్ష్యం మంచిదే. కానీ నేరుగా ఆ ఉద్యోగానికే దరఖాస్తు చేయాలన్న ఆలోచన నెరవేరేది కాదు. అనుభవం ఉన్న సోషల్ వర్కర్ల నుంచి ఎంపిక చేసుకునే పదవి అది. అలా ఎందుకన్నది అర్థం కావాలంటే, ఆ పని ఏమిటో ముందుగా కొంత వివరంగా చూడాలి.

తల్లిదండ్రుల దగ్గర క్షేమంగా ఉండలేని పిల్లల బాధ్యతను ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు తీసుకుంటాయి. 2024 మార్చి 31 నాటికి అలాంటి పిల్లలు 83,630 మంది ఉండగా, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఫోస్టర్ కుటుంబాల్లో పెరుగుతున్నారు. ఈ కుటుంబాలను కౌన్సిల్ గానీ, స్వతంత్ర ఫోస్టరింగ్ ఏజెన్సీ గానీ సుదీర్ఘంగా విచారించి ఆమోదిస్తుంది. ఆ ఆమోదం ఒకసారి ఇచ్చి మరచిపోయేది కాదు. 2011 నాటి ఫోస్టరింగ్ సర్వీసెస్ నిబంధనల ప్రకారం, ఆమోదం పొందిన ఏడాదిలోపు మొదటి సమీక్ష, ఆ తరువాత ఏడాదికి మించని వ్యవధిలో మళ్లీ మళ్లీ సమీక్ష జరగాలి. మొదటి సమీక్ష నివేదిక తప్పనిసరిగా, కేరర్ల ఆమోదం మీద సిఫార్సు చేసే ఫోస్టరింగ్ ప్యానెల్ ముందుకు వెళుతుంది. ఆ కేరరు ఇంకా తగినవారేనా, ఆ ఇల్లు ఇంకా తగినదేనా, ఎంతమంది పిల్లలకు, ఏ వయసువారికి ఇచ్చిన ఆమోదం అలాగే కొనసాగాలా అన్న ప్రశ్నలకు ప్రతిసారీ ఆధారాలతో జవాబు రాయాలి. చాలా సంస్థల్లో ఈ పని చేసే వ్యక్తిని ఫోస్టరింగ్ రివ్యూయింగ్ ఆఫీసర్ అంటారు.

ప్రతి ఫోస్టర్ కుటుంబానికీ సూపర్‌వైజింగ్ సోషల్ వర్కర్ ఒకరు ఉండనే ఉంటారు. నెలల తరబడి ఆ ఇంటికి వెళ్లివచ్చే మనిషి ఉండగా సమీక్షకు మరొకరు ఎందుకని అడగవచ్చు. తరచూ వెళ్లే మనిషికి ఆ కుటుంబంతో స్నేహం ఏర్పడుతుంది, వారి కష్టం తెలుస్తుంది, అందువల్ల కొన్ని విషయాలు కంటికి ఆనకుండా పోతాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, మనుషుల తీరే అంత. కాబట్టి రోజువారీ బాధ్యత లేని మరో జత కళ్లు అవసరమని మంచి సంస్థలు భావిస్తాయి. పర్యవేక్షణ లోపిస్తే ఏం జరుగుతుందో ఆ దేశానికి చేదు అనుభవం ఉంది. 1945 జనవరిలో, వేల్సులోని న్యూపోర్టు నుంచి ష్రాప్‌షైరులోని ఒక రైతు ఇంటికి పంపిన 12 ఏళ్ల డెనిస్ ఓనీల్, తనను పెంచవలసిన మనిషి చేతుల్లోనే ప్రాణం కోల్పోయాడు. సర్ వాల్టర్ మాంక్టన్ జరిపిన విచారణలో అధికారుల పర్యవేక్షణ లోపాలు బయటపడ్డాయి. 1948 నాటి బాలల చట్టానికి దారితీసిన సంఘటనల్లో ఇదీ ఒకటి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఇండిపెండెంట్ రివ్యూయింగ్ ఆఫీసర్ అనే మరో ఉద్యోగం ఉంది. వారు సమీక్షించేది కేరరును కాదు, బిడ్డ సంరక్షణ ప్రణాళికను. బిడ్డ కౌన్సిల్ సంరక్షణలోకి వచ్చిన 20 పనిదినాల్లోపు మొదటి సమావేశం, తరువాత మూడు నెలల్లోపు రెండోది, ఆపైన ఆరు నెలలకు మించని వ్యవధిలో మిగిలినవి వారి అధ్యక్షతన జరుగుతాయి. ప్రకటనల్లో పేర్లు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి మీ అమ్మాయి ఉద్యోగ వివరణను చివరిదాకా చదవాలి. రెండో పొరపాటు ఇంతకన్నా ఖరీదైనది. కేర్ వర్కర్, సోషల్ వర్కర్ అన్నవి రెండూ ఒకటే అనుకోవడం అది. దాని గురించి వీసా సంగతి చెప్పేటప్పుడు వివరిస్తాను.

సమీక్ష అంటే ఏడాదికొకసారి జరిగే లాంఛనమని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటే ఆ అభిప్రాయం మార్చుకోవాలి. సమావేశానికి ముందే చాలా చదవాలి. సూపర్‌వైజింగ్ సోషల్ వర్కర్ నివేదిక, కేరరు రోజువారీగా రాసిన నమోదులు, ఏడాదికి కనీసం ఒకటైనా ముందుగా చెప్పకుండా చేయవలసిన సందర్శన వివరాలు, శిక్షణ రికార్డు, నేరచరిత్ర తనిఖీలు, ఆరోగ్య సమాచారం, ఇంటి భద్రత తనిఖీ, వచ్చిన ఫిర్యాదులు, వాటిని పరిష్కరించిన తీరు అన్నీ చూడాలి. కేరరు అభిప్రాయాన్నీ, వయసుకూ అవగాహనకూ తగినట్టు బిడ్డ అభిప్రాయాన్నీ, గత ఏడాదిలో బిడ్డను ఆ ఇంటికి పంపిన అధికార సంస్థ అభిప్రాయాన్నీ తెలుసుకుని పరిగణించాలని నిబంధనలే చెబుతున్నాయి. కేరర్ల సొంత పిల్లలతో కూడా మాట్లాడటం మంచి పద్ధతి. తమ గదిని, అమ్మానాన్నల సమయాన్ని పంచుకుంటున్నది వాళ్లే కదా.

ఆ తరువాత సమావేశం. ఇది ఎక్కువగా కేరర్ల ఇంట్లోనే జరుగుతుంది. ఏడాదిలో ఇంట్లో ఏం మారిందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. పెద్ద కొడుకు ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికి తిరిగి వచ్చి ఉండవచ్చు. అప్పుడు ఆ ఇంట్లో కొత్తగా ఒక వయోజనుడు చేరినట్టే, అతనికీ తనిఖీలు కావాలి. భార్యాభర్తలు విడిపోయి ఉండవచ్చు. కేరరు ఆరోగ్యం దెబ్బతిని ఉండవచ్చు. మూడేళ్లు పెంచిన బిడ్డ సొంత కుటుంబానికి తిరిగి వెళ్లిపోతే, ఆ దుఃఖం తీరకముందే మరో బిడ్డను ఒప్పుకుని ఉండవచ్చు. ఒక ఇంట్లో ఉండదగిన ఫోస్టర్ పిల్లల సాధారణ పరిమితి ముగ్గురు. తోబుట్టువుల వంటి ప్రత్యేక సందర్భాల్లో దానికి మినహాయింపులు ఉన్నాయి. ఖాళీగా మరో పడకగది ఉందని ఆమోదాన్ని విస్తరించమని ఏజెన్సీ కోరినప్పుడు, ఆ కుటుంబానికి గది ఉన్నంత మాత్రాన ఓపిక కూడా ఉందా అని అడగవలసింది సమీక్షకురాలే.

ఈ పనిలో నైపుణ్యమంతా తేల్చుకోవడంలోనే ఉందని నా అభిప్రాయం. ఒక కేరరు నమోదులు ఎప్పుడూ ఆలస్యంగానే పంపుతారు, రెండు శిక్షణలు ఎగ్గొట్టారు, ఫోన్లో దురుసుగా మాట్లాడతారని పేరు కూడా తెచ్చుకున్నారు. కానీ ఆ ఇంటి బిడ్డ బడికి క్రమంగా వెళుతోంది, స్నేహితులను ఇంటికి తెచ్చుకుంటోంది, కోపం వస్తే పైకి చెప్పగలుగుతోంది. మరో ఇంట్లో కాగితాలన్నీ మచ్చలేకుండా ఉన్నాయి, బిడ్డ మాత్రం అడిగిన ప్రతిదానికీ ‘బాగానే ఉంది’ అని మాత్రమే అంటోంది. మొదటి కేరరు లోపాలను లోపాలుగానే రాసి, వాటిని సరిదిద్దుకోవడానికి గడువు పెట్టాలి. అంతమాత్రాన ఆ ఇల్లు తగినది కాదని అనకూడదు. రెండో ఇంటి విషయంలో ఆ బిడ్డతో మళ్లీ, మరోచోట, మరోలా మాట్లాడే ఏర్పాటు చేయాలి. చిన్నపిల్లలైతే బొమ్మలు గీయిస్తూ మాట్లాడిస్తారు. మాటలు రాని పిల్లలైతే వారి ప్రవర్తనను ఎరిగిన ఉపాధ్యాయులను అడగవలసి వస్తుంది. కొత్తగా పట్టా పుచ్చుకున్నవారు కాగితాలనే నమ్ముతారు. వారికి ఇంకా పోల్చి చూసుకోవడానికి ఇళ్లు తెలియవు మరి.

అన్ని సమీక్షలూ సాఫీగా ముగియవు. కేరరు మీద ఆరోపణ వస్తే, బిడ్డకు హాని జరిగిందేమోనన్న విచారణ వేరే యంత్రాంగం ద్వారా నడుస్తుంది, అది ముగిశాక సమీక్ష జరుగుతుంది. నేరం రుజువు కాకపోయినా సంరక్షణ ప్రమాణాల మీద ప్రశ్నలు మిగలవచ్చు, లేదా అన్యాయంగా నింద మోసిన కుటుంబం సంస్థ మీద నమ్మకం కోల్పోయి కూర్చుని ఉండవచ్చు. వారి తగినతనం మీద సంస్థ ప్రతికూలంగా నిర్ణయించబోతే ఆ విషయాన్ని రాతపూర్వకంగా తెలపాలి. కేరరు 28 రోజుల్లోపు సంస్థకే తమ వాదన వినిపించవచ్చు, లేదా ఇండిపెండెంట్ రివ్యూ మెకానిజం అనే స్వతంత్ర ప్యానెల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ప్యానెల్ సిఫార్సు మాత్రమే చేస్తుంది, తుది నిర్ణయం సంస్థదే. మీ అమ్మాయి రాసే ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక రోజు ఆ కేరరు, వారి తరఫువారు, ప్యానెల్ సభ్యులు చదివే అవకాశం ఉంది. ‘ఇల్లు అపరిశుభ్రంగా ఉంది’ అని రాయడానికీ, ఏ రోజున, ఏ గదిలో, ఏం కనిపించిందో రాయడానికీ ఉన్న తేడా అక్కడే తేలుతుంది.

ఇప్పుడు దారి సంగతి. ఇంగ్లండులో సోషల్ వర్కర్ అన్న హోదాకు చట్టరక్షణ ఉంది. రిజిస్ట్రేషన్ లేనివారు ఆ పేరు వాడుకోకూడదు. 2019 డిసెంబరు 2 నుంచి ఆ రిజిస్టరును సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే సంస్థ నిర్వహిస్తోంది. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు వేర్వేరు నియంత్రణ సంస్థలు ఉన్నాయి. విదేశీ పట్టా ఉన్నవారి చదువును, క్షేత్రానుభవాన్ని తమ ప్రమాణాలతో పోల్చి చూశాకే రిజిస్ట్రేషన్ ఇస్తారు. మన ఎం.ఎస్.డబ్ల్యూ. చాలా విస్తృతమైన పట్టా. మానవ వనరుల స్పెషలైజేషన్‌తో చదివినవారికీ, కుటుంబ, శిశు సంక్షేమంతో చదివినవారికీ ఒకే ఫలితం రాదు. పర్యవేక్షణలో చేసిన ఫీల్డ్ వర్కు ఎంత, ఎవరితో, ఏ రకంగా చేశారన్నది కీలకమవుతుంది.

రిజిస్ట్రేషన్ వచ్చాక ఆమె వెతకవలసింది బాలల సామాజిక సేవల బృందంలో ఉద్యోగం. పిల్లల రక్షణ బృందంలోనో, సంరక్షణలో ఉన్న పిల్లల బృందంలోనో కొన్నేళ్లు పనిచేస్తే ఇల్లు మారిన బిడ్డ ఎలా ఉంటుందో తెలుస్తుంది. తరువాత ఫోస్టరింగ్ బృందంలో సూపర్‌వైజింగ్ సోషల్ వర్కరుగా చేరితే కేరరు వైపు నుంచి అదే కథ కనిపిస్తుంది. రెండు వైపులా చూసినవారికే సమీక్షకురాలి కుర్చీలో కూర్చునే అర్హత ఉంటుంది. ప్రకటనల్లో కూడా పట్టా తరువాత కొన్నేళ్ల అనుభవం తప్పనిసరిగా అడుగుతారు. ఈ దారిని తగ్గించుకోవాలని చూడవద్దని నా సలహా.

వీసా విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. వృద్ధులకు, వికలాంగులకు రోజువారీ సేవలు చేసే కేర్ వర్కర్ల కోసం విదేశాల నుంచి కొత్త నియామకాలను బ్రిటన్ 2025 జూలై 22తో నిలిపివేసింది. అర్హత పొందిన సోషల్ వర్కర్ల వర్గం వేరు, అది హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా కిందకి వస్తుంది. ఈ తేడా తెలియని కుటుంబాల దగ్గర, స్పాన్సర్‌షిప్ (వీసా కోసం ఉద్యోగమిచ్చే సంస్థ ఇవ్వవలసిన హామీ) ఇప్పిస్తామని లక్షలు వసూలుచేసే దళారులున్నారు. కౌన్సిలు గానీ, పేరున్న ఏజెన్సీ గానీ ఉద్యోగం కోసం అభ్యర్థి దగ్గర డబ్బు అడగదు. ఎవరైనా అడిగితే ఆ సంభాషణను అక్కడితో ముగించండి. వలస నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోండి.

స్థిరత్వం గురించి అడిగారు. రిజిస్టర్డ్ సోషల్ వర్కర్ల కొరత అక్కడ చాలాకాలంగా ఉన్నదే. కౌన్సిళ్లలో జీతాలు గ్రేడుల ప్రకారం ఉంటాయి, ప్రకటనలోనే ముద్రిస్తారు. సమీక్షకుల్లో కొందరు శాశ్వత ఉద్యోగులు, మరికొందరు సమీక్షకు ఇంత అని తీసుకునే స్వతంత్రులు. రెండో పద్ధతిలో వీసా స్పాన్సర్‌షిప్ కుదరదు కనుక తొలి సంవత్సరాల్లో దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఊళ్లు తిరగవలసిన ఉద్యోగం కాబట్టి చాలా ప్రకటనల్లో డ్రైవింగ్ లైసెన్సు అడుగుతారు. భారతీయ లైసెన్సుతో అక్కడ 12 నెలలు మాత్రమే నడపవచ్చు, ఆలోగా బ్రిటిష్ లైసెన్సు పొందాలి.

ఈలోగా ఇక్కడి పని వృథా కాదు. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు చోటిచ్చింది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్లు, బాలల సంక్షేమ కమిటీలు ఆ బాధ్యత చూస్తున్నాయి. మీ అమ్మాయి తన సంస్థ ద్వారా గృహ పరిశీలన నివేదికలు రాసే అవకాశం ఉంటే, అలాంటివి పర్యవేక్షకుల సంతకంతో ఉన్న అనుభవ పత్రాల్లో స్పష్టంగా కనిపించేలా చూసుకోవాలి. పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు ఆ పత్రాల్లో ఉండకూడదు.

ముందుగా విశ్వవిద్యాలయం నుంచి పూర్తి సిలబస్ ప్రతి, ఫీల్డ్ వర్కు గంటల ధ్రువపత్రం తీసుకోమనండి. అక్కడి గుమాస్తాలు వీటిని ఒక్కరోజులో ఇవ్వరు. కాలేజీ మూతపడినా, పర్యవేక్షకులు రిటైరైనా మరీ ఇబ్బంది అవుతుంది. ఆ రెండూ చేతికి వచ్చాక సోషల్ వర్క్ ఇంగ్లండ్ దరఖాస్తు మొదలుపెట్టవచ్చు.