ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో డేటా మోడల్ పని: అమ్మాయిని చేర్చవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. మాది గాజువాక. మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ ఆఖరి సంవత్సరం. రుషికొండ దగ్గర ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ ఒకటి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తానంది. పని ఏమిటని అడిగితే ‘పేషెంట్ రికార్డులకు టైప్డ్ డేటా మోడల్స్ రాయడం, వాటిని ఒకదానితో ఒకటి లింక్ చేయడం’ అంటోంది. నాకైతే ఫారానికి గళ్లు గీసే పనిలా అనిపిస్తోంది. మా తమ్ముడు ఏఐ కోర్సులో చేర్చమంటున్నాడు. పైగా ఇంటర్న్‌షిప్ తర్వాత ఉద్యోగం ఇస్తే రెండేళ్ల బాండ్ రాయాలట, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చేర్చండి. సర్టిఫికెట్ల సంగతి చివర చెబుతాను, అది వేరే విషయం. ముందు ఈ పని గురించి మాట్లాడుకుందాం. మీరు గళ్లు గీయడం అన్నారు చూడండి, ఆ గళ్లు తప్పుగా గీస్తే ఏమవుతుందో ఆ కంపెనీలో ఉన్నవాళ్లకన్నా మీకే బాగా తెలుసు. పంతొమ్మిదేళ్లుగా మీరు చేస్తున్నది అదే.

మీ కలెక్షన్ టేబుల్ మీద ట్యూబులు గుర్తు తెచ్చుకోండి. లావెండర్ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉంటుంది, రక్తకణాలు లెక్కించే సీబీసీకి అది వాడతారు. గ్రే మూతలో ఫ్లోరైడ్, షుగర్‌కి. కాల్షియం పరీక్షకి ఎవరైనా లావెండర్ ట్యూబులో రక్తం పంపితే మీరు మెషీన్‌లో పెట్టరు, వెనక్కి పంపేస్తారు. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి ఆ అంకె అబద్ధం చెబుతుందని మీకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో ‘టైప్’ అంటే ఆ మూత రంగు లాంటిది. ఈ గడిలో తేదీ మాత్రమే రావాలి, ఈ గడిలో అంకె, దానితో పాటు యూనిట్ తప్పకుండా రావాలి, ఈ గడిలో ఫలానా నాలుగు మాటల్లో ఒకటే రావాలి అని ముందే కట్టుదిట్టం చేయడం. తప్పు ట్యూబు రిపోర్టు దాకా వెళ్లకుండా మొదటి కిటికీ దగ్గరే ఆగిపోవాలి.

లింక్ అంటే ట్యూబు మీద అంటించే లేబుల్. ఎంత మంచి శాంపిల్ అయినా లేబుల్ లేకపోతే మీరు ముట్టుకోరు కదా. రికార్డుల్లోనూ అంతే. హిమోగ్లోబిన్ ఫలితం ఒక రికార్డు. అది ఏ శాంపిల్ నుంచి వచ్చింది, ఆ శాంపిల్ ఏ మనిషిది, ఏ డాక్టర్ రాసిన పరీక్ష, ఏ రిపోర్టులో చేరింది, ఇవన్నీ వేరే వేరే రికార్డులు. పేషెంట్ పేరూ వయసూ ప్రతి దాంట్లోనూ మళ్లీ మళ్లీ కాపీ చేయకుండా, ‘ఇది ఫలానా పేషెంట్‌ది’ అని ఒక సూచన మాత్రం పెడతారు. ఆ సూచన పేషెంట్‌నే చూపించాలి, పొరపాటున డాక్టర్ రికార్డును చూపిస్తే ప్రోగ్రామ్ ఒప్పుకోకూడదు. ఈ కట్టడి రాయడమే మీ అమ్మాయి పని.

ఇందులో తెలివి ఎక్కడ కావాలో మీ ల్యాబ్ నుంచే చెబుతాను. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ‘ల్యాబ్ ఫలితానికి మోడల్ రాయి’ అంటే ఏం రాస్తారు? పేషెంట్ తప్పనిసరి, విలువ ఒక అంకె, యూనిట్ ఒక మాట. చూడటానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఆపరేషన్ థియేటర్ స్వాబ్ కల్చర్‌కి పంపినప్పుడు అందులో పేషెంట్ ఎవరు? ఎవరూ లేరు, అది గదికి చేసిన పరీక్ష. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువ వచ్చి మెషీన్ ‘0.01 కన్నా తక్కువ’ అని చూపిస్తే, ఆ ‘కన్నా తక్కువ’ గుర్తు అంకెల గడిలో పట్టదు. శాంపిల్ హీమోలైజ్ అయితే, అంటే ఎర్ర కణాలు పగిలిపోతే, పొటాషియం విలువ ఇవ్వరు, కానీ ఎందుకు ఇవ్వలేదో రాయాలి. కల్చర్‌కి ముందు ప్రొవిజనల్ రిపోర్టు వెళుతుంది, తర్వాత ఫైనల్ వెళుతుంది, ఒక్కోసారి ఫైనల్ కూడా సరిదిద్దాల్సి వస్తుంది. బ్లడ్ గ్రూప్‌కి అంకే ఉండదు.

ప్రపంచవ్యాప్తంగా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడుతున్న ప్రమాణం పేరు ‘ఫైర్’ (FHIR). హెచ్ఎల్ సెవెన్ అనే సంస్థ దాన్ని ప్రచురిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ 2011లో దీనికి శ్రీకారం చుట్టారు. పైన చెప్పిన ప్రతి చిక్కుకీ అందులో చోటు ఉంది. ‘అబ్జర్వేషన్’ అనే మోడల్‌లో పరీక్ష ఎవరికి లేదా దేనికి అన్న చోట పేషెంట్‌తో పాటు ఒక ప్రదేశం కూడా రావచ్చు. మీ థియేటర్ స్వాబ్ అందులో సరిపోతుంది. విలువ అంకె కావచ్చు, కోడ్ కావచ్చు, మాట కావచ్చు. అంకెకు ముందు ‘కన్నా తక్కువ’ గుర్తుకు వేరే గడి ఉంది. విలువ లేకపోతే కారణం రాసే గడి ఉంది. ప్రొవిజనల్, ఫైనల్, సరిదిద్దినది, పొరపాటున ఎక్కినది అని స్టేటస్ తప్పనిసరిగా చెప్పాలి. అది చదువుతుంటే ల్యాబులో కూర్చుని పనిచేసినవాళ్లు పక్కన ఉండి రాయించినట్టు ఉంటుంది. ఒకసారి మీరూ మీ అమ్మాయీ కలిసి ఆ ‘అబ్జర్వేషన్’ పేజీ ఒక్కటి చదవండి. ఉచితంగానే దొరుకుతుంది. ఏ గడి ఎందుకుందో ఆమెకి మీరే చెబుతారు, కోడ్‌లో అది ఎలా రాయాలో ఆమె మీకు చెబుతుంది.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా అమ్మను మోకాలి ఆపరేషన్‌కి ఒక ఆసుపత్రిలో చేర్చాం. అంతకుముందు అక్కడే ఆమెకు సల్ఫా మందు పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, ఆ సంగతి కేస్ షీట్‌లో రాశారు. రెండోసారి వెళ్లినప్పుడు ఓపీ కౌంటర్‌లో ఇంటిపేరు చివర రాశారు. మొదటిసారి ముందు రాసి ఉంది. అమ్మకు పుట్టిన తేదీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని ఉంది, పాత ఫైల్‌లో వయసు మాత్రమే ఉంది. కంప్యూటర్‌కి ఆమె కొత్త మనిషైపోయింది. కొత్త నంబరు, కొత్త ఫైలు. అందులో అలర్జీ దగ్గర ‘లేదు’ అని అచ్చైంది. ఎవరూ మమ్మల్ని అడగలేదు. గడి ఖాళీగా వదిలితే దానంతట అదే ‘లేదు’ అని పడేలా పెట్టారట. రాత్రి డ్యూటీ సిస్టర్ మందు ఇచ్చే ముందు నోటితో అడిగింది కాబట్టి గండం గడిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

‘అలర్జీ లేదు’ వేరు, ‘అడగలేదు’ వేరు. ఈ రెండింటినీ ఒకే గడిలో అవును-కాదు అని పెట్టిన మనిషికి ప్రోగ్రామింగ్ వచ్చు, ఆసుపత్రి తెలియదు. ఫైర్‌లో ‘తెలిసిన అలర్జీలు లేవు’ అన్నది కూడా అడిగి, తెలుసుకుని నమోదు చేసే ఒక విషయం, దానికి స్నోమెడ్ అనే వైద్య పదాల కోడ్ జాబితాలో ఒక కోడ్ ఉంది. అసలు రికార్డే లేదంటే అడిగారో లేదో తెలియదనే అర్థం, ‘లేదు’ అని కాదు. పుట్టిన తేదీ గడిలో 1956 అని సంవత్సరం ఒక్కటే రాసినా చెల్లుతుంది, జనవరి 1 అని కల్పించక్కర్లేదు. పేరులో ఇంటిపేరు, పెట్టిన పేరు వేరు వేరుగా, ముందు వెనుకల గొడవ లేకుండా ఉంటాయి, పెళ్లికి ముందు పేరు కూడా దాచుకోవచ్చు. మన దగ్గర ఇంటిపేరు ఎక్కడ రాయాలన్నదే పెద్ద సమస్య కదా. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల ఈ మోడల్ రాస్తే, అది ఆమెకు ఎవరూ చెప్పకుండానే తడుతుంది.

ఇక ఉద్యోగాల మాట. మన దేశంలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబర్ 27న దేశవ్యాప్తంగా మొదలైంది. మీ ఆసుపత్రి కౌంటర్ దగ్గర 14 అంకెల ‘ఆభా’ నంబరు అడుగుతుంటారు, అది దానిలో భాగం. ఆ మిషన్‌లో రికార్డులు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో చోటికి ఫైర్ రూపంలోనే వెళతాయి. దానికి సంబంధించిన భారతీయ నమూనాలను కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌కి పుణెలో ఉన్న జాతీయ కేంద్రం ప్రచురిస్తోంది. ప్రిస్క్రిప్షన్, ల్యాబ్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, టీకాల రికార్డు ఒక్కోదానికీ ఒక్కో నమూనా. అందులో చేరాలనుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ మోడళ్లు రాసుకోవాల్సిందే. మన ఊళ్లోనే పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్ ఉంది, మీకు దగ్గరే. అక్కడ తయారయ్యే వైద్య పరికరాలు కొలిచిన విలువ కూడా చివరకు ఎవరో ఒకరి రికార్డులో సరైన గడిలో పడాలి.

దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. మామూలు వెబ్ డెవలపర్ ఉద్యోగాలంత విరివిగా ఇవి కనిపించవు. మంచివి ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు వైపే ఉంటాయి. కానీ టైప్స్, స్కీమాలు (డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే నమూనాలు), లింకులు, వచ్చిన డేటాను తనిఖీ చేయడం, ఇవి ఆసుపత్రికే పరిమితమైన విద్యలు కావు. రేపు బ్యాంకుకి వెళ్లినా, షిప్పింగ్ కంపెనీకి వెళ్లినా ఇవే పనికొస్తాయి. అందుకని దారి మూసుకుపోతుందన్న భయం వద్దు.

మీ తమ్ముడి మాట కూడా కొట్టిపారేయను. ఏఐ నేర్చుకోవచ్చు. అయితే ఒక చిన్న లెక్క చూడండి. కొన్ని దేశాల ల్యాబుల్లో షుగర్‌ను మిల్లీమోల్స్‌లో ఇస్తారు. అక్కడ 6 అంటే మన లెక్కలో సుమారు 108 మిల్లీగ్రాములు. యూనిట్ లేకుండా రెండు రకాల అంకెలూ ఒకే వరసలో పోస్తే ఏ ఏఐ అయినా ఏం నేర్చుకుంటుంది? ఆరు నెలలు ఈ పని చేసి అప్పుడు ఏఐ వైపు వెళ్లే పిల్ల, కోర్సు చేసి నేరుగా వెళ్లే పిల్లకన్నా మంచి ప్రశ్నలు అడుగుతుంది. నేనైతే ఈ వరసే చెబుతాను.

చేరేలోపు మీ అమ్మాయి చేయాల్సింది ఒక్కటే, కానీ అది శ్రద్ధగా చేయాలి. ఒక సీబీసీ రిపోర్టు తీసుకుని పేరూ నంబర్లూ చెరిపేయండి. ఆ ఒక్క కాగితానికి ఎన్ని రికార్డులు కావాలో ఆమెనే తేల్చమనండి. పేషెంట్, శాంపిల్, ఒక్కో ఫలితం, రిపోర్టు, డాక్టర్, మొత్తం ఐదు రకాలు వస్తాయి. వాటికి కంపెనీలో వాడే భాషలో మోడళ్లు రాయాలి. టైప్‌స్క్రిప్ట్ అయితే ఒక జాగ్రత్త ఉంది. దాని టైప్స్ ప్రోగ్రామ్ రాసేటప్పుడే చూస్తాయి, నడిచేటప్పుడు ఉండవు. బయటి ఆసుపత్రి నుంచి వచ్చిన డేటా సరిగ్గా ఉందో లేదో అవి పట్టుకోలేవు, దానికి నడిచేటప్పుడు డేటాను తనిఖీ చేసే జోడ్ లాంటి లైబ్రరీ వేరేగా కావాలి. పైథాన్‌లోనూ టైప్ రాసినంత మాత్రాన నడిచేటప్పుడు ఎవరూ అడ్డుకోరు, పైడాంటిక్ లాంటిది ఆ పని చేస్తుంది. కలెక్షన్ బాయ్‌కి రూల్స్ చెప్పడం ఒకటి, ల్యాబ్ కిటికీ దగ్గర మళ్లీ చూసుకోవడం ఇంకొకటి అని మీరే చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది.

మోడళ్లు రాశాక మీరు పక్కన కూర్చోండి. మీ సర్వీసులో చూసిన విచిత్రమైన కేసులన్నీ ఒక్కొక్కటే చెప్పండి. ఒకే పేరున్న ఇద్దరు, పేరు పెట్టని పసిబిడ్డ, స్పృహ లేకుండా వచ్చిన గుర్తు తెలియని మనిషి, రెండుసార్లు తీసిన శాంపిల్. ఆమె రాసిన మోడల్ ఎక్కడ విరుగుతుందో ఆమెకే కనిపిస్తుంది. ఇలాంటి శిక్షణ డబ్బు కట్టినా దొరకదు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఆమెకు గట్టిగా వచ్చి ఉండాలి, దానికి మినహాయింపు లేదు. ఎక్కువ డేటా కావాలంటే సింథియా అనే ఉచిత ప్రోగ్రామ్ కల్పిత పేషెంట్లను తయారు చేసి ఇస్తుంది. నిజమైన పేషెంట్ల రిపోర్టులు మాత్రం ఆమె ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించవద్దు, మీరూ ఫోన్‌లో పంపవద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా అది మన వృత్తి ధర్మం.

కంపెనీకి వెళ్లి మీ అమ్మాయి మూడు విషయాలు అడగాలి. తను రాసిన మోడల్‌ను రోజూ ఎవరు చూసి సరిదిద్దుతారు? ల్యాబ్ లేదా నర్సింగ్ తెలిసినవాళ్లు టీమ్‌లో ఉన్నారా? టెస్టింగ్‌కి వాడేది కల్పిత డేటాయా, నిజమైనదా? మొదటిదానికి సరైన జవాబు రాకపోతే నేను వద్దంటాను. సరిదిద్దేవాళ్లు లేని చోట ఆరు నెలలు తప్పులే అలవాటవుతాయి. ఇంకో మాట, గాజువాక నుంచి రుషికొండ అంటే ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకి. రోజూ వెళ్లాలా, కొన్ని రోజులు ఇంటి నుంచి చేయవచ్చా అని మొహమాటం లేకుండా అడగమనండి.

ఇప్పుడు బాండ్ సంగతి. ఇంటర్న్‌షిప్‌కి బాండ్ లేదు కాబట్టి ఈ ఆరు నెలలకి భయం లేదు. ఉద్యోగం ఇచ్చినప్పుడు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవండి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అంకె స్పష్టంగా రాసి ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చూపించి, జిరాక్స్‌లు ఇచ్చి, ఒరిజినల్స్ వెంట తెచ్చుకోవాలి. ఈ మాట ఉద్యోగం దాకా ఆగకుండా చేరే రోజునే మెయిల్‌లో రాసి, వాళ్లు సరేనన్న జవాబు దాచుకోమనండి.